పాఠం వెళ్లే దారి, ప్రశ్న వచ్చే దారి

(ఆచార్య జి. రాంరెడ్డి గారి స్మృతిలో వరంగల్‌లోని నేతవాడ కొత్తవాడలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం తలుచుకుంటున్న ఆచార్య రాంరెడ్డి గారు మన పక్క జిల్లా మనిషి. 1929లో కరీంనగర్ జిల్లా మైలారంలో పుట్టారు. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించారు. పంచాయతీరాజ్ మీద ఆయన చేసిన పరిశోధనకు దేశంలో పేరుంది. 1977లో ఉస్మానియా వైస్ చాన్సలర్ అయ్యారు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ ఆయనే. తర్వాత యూజీసీకి అధ్యక్షత వహించారు. 1995లో కన్నుమూశారు. ఆయన హైదరాబాదులో నిలబెట్టిన ఆ మొదటి విశ్వవిద్యాలయాన్నే మనం ఇప్పుడు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం అది.

ఆయన గురించి మాట్లాడటానికి కొత్తవాడ కంటే తగిన చోటు నాకు తోచలేదు. ఇక్కడ ఎన్నో ఇళ్లలో పన్నెండు, పదమూడేళ్లకే బడి వదిలి మగ్గం గుంటలో దిగిన వాళ్లున్నారు. చదువు మీద మనసు చావని వాళ్లూ వాళ్లే. పద్దెనిమిదేళ్లు నిండి, ఒక ప్రవేశ పరీక్ష రాసి గట్టెక్కితే చాలు, పది పాసైన కాగితం లేకపోయినా బీఏలో చేరవచ్చని ఆ విశ్వవిద్యాలయం ఆనాడు తలుపు తీసింది. ఆ తలుపు ఇలాంటి వాడల కోసమే తీసింది.

కంప్యూటరు, ఫోను, ఇంటర్నెట్ వచ్చాక చదువు ఎలా బాగుపడాలన్నది ఈ సాయంత్రం విషయం. నేను చెప్పదలచింది ఒక్కటే. పాఠాన్ని దూరానికి పంపడం మనకు యాభై ఏళ్ల కిందటే వచ్చింది. నేర్చుకునే పిల్ల అడిగే ప్రశ్న, చేసిన తప్పు, పడ్డ సందేహం తిరిగి చెప్పేవాళ్ల దాకా వచ్చే దారిని మాత్రం మనం సరిగ్గా వేయలేదు. డిజిటల్ చదువు పేరుతో ఇకముందు ఖర్చుపెట్టే డబ్బూ, పెట్టే తెలివీ ఆ రెండో దారి మీద పెట్టాలి.

1. ఆకాశం నుంచి దిగిన పాఠాలు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, సరిగ్గా ఒక ఏడాది పాటు, మన దేశంలో ఒక గొప్ప ప్రయోగం జరిగింది. దాని పేరు సైట్. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది వాడుకోవడానికి ఇస్రో ఒప్పందం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలను ఎంచుకున్నారు. ఊరి బడి దగ్గరో, పంచాయతీ దగ్గరో ఒక టీవీ, దాని పైన తీగ జాలీతో చేసిన గొడుగులాంటి యాంటెన్నా. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం రైతులకు, తల్లులకు కార్యక్రమాలు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులోనే తయారయ్యాయి. కరెంటు సరిగ్గా లేని పల్లెకు టీవీ పాఠం నేరుగా అంతరిక్షం నుంచి వచ్చిందంటే ఆ ఇంజనీర్లకు చేతులెత్తి మొక్కాలి. విక్రమ్ సారాభాయ్ కలగన్నది అదే, చూడటానికి ఆయన లేరు.

అయితే ఆ టీవీ ముందు కూర్చున్న పిల్లవాడు చెయ్యి ఎత్తితే చూసేవాళ్లు ఎవరూ లేరు. అప్పటి యంత్రాలతో అంతే సాధ్యం. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ పైకి వెళ్లింది. కేవలం చదువు కోసం మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం అది. అందులో అటు నుంచి ప్రశ్న అడిగే ఏర్పాటు కూడా పెట్టారు. మన రాష్ట్రంలో ‘మన టీవీ’ అనే పాఠాల చానల్ ఉండేది. తెలంగాణ వచ్చాక 2017లో అది టీ-శాట్ అయింది. విద్య, నిపుణ అని రెండు చానళ్లు నడుస్తున్నాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలను అడగండి, వాటి మేలు వాళ్లే చెబుతారు.

ఇక 2020. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే ఇది మనందరి కళ్ల ముందు జరిగింది. మార్చి నడుమ కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మూడు నుంచి పదో తరగతి దాకా పాఠాలు మొదలయ్యాయి. అంత తక్కువ వ్యవధిలో ఆ తరగతులన్నిటికీ పాఠాలు సిద్ధం చేసిన ఉపాధ్యాయుల శ్రమ చిన్నది కాదు. మరి ఇళ్లలో ఏం జరిగింది? మీకు నేను చెప్పనక్కర లేదు. మగ్గం ఉన్న గదిలోనే టీవీ. తండ్రి నేస్తుంటే మగ్గం చప్పుడు. ఆరో తరగతి పాఠం వచ్చే వేళకే తొమ్మిదో తరగతి అక్కకు ఫోనులో వర్క్‌షీట్ రావాలి. ఫోనేమో ఆసామి దగ్గరికి నూలు కోసం వెళ్లిన తండ్రి జేబులో ఉంటుంది.

ఆ రోజుల్లో పిల్లలను చదువుకు కట్టి ఉంచిన పని ఒకటుంది, దానికి పెద్ద పేరు రాలేదు. సార్లు, మేడమ్‌లు ఒక్కొక్క ఇంటికి ఫోన్ చేసి, పాఠం చూశావా, ఏం అర్థమైంది, ఎక్కడ ఆగిపోయావు అని అడిగారు. కొందరు బండి మీద ఇల్లిల్లూ తిరిగారు. పాఠం యాదగిరి నుంచి వెళ్లింది; ప్రశ్న ఆ ఫోన్ల మీద తిరిగి వచ్చింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఆ ఏడాది టీవీ పాఠాలు లేవు. వాళ్లకు బడి మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబర్ 1న. దాదాపు ఏడాదిన్నర. అక్షరాలు దిద్దాల్సిన వయసులో ఏడాదిన్నర! ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. సభలో ఉన్న హైస్కూలు టీచర్లను అడుగుతున్నాను: తప్పుల్లేకుండా ఒక పేజీ చదవలేని పిల్లను చూసినప్పుడు, ఆ పిల్లకు ఒకటో తరగతి లేదన్న సంగతి దయచేసి గుర్తు పెట్టుకోండి.

2. రాంరెడ్డి గారు వేసిన దారి

ఆన్‌లైన్ చదువు అనే మాట పుట్టకముందే, దూరం నుంచి చదువు చెప్పడంలోని చిక్కును రాంరెడ్డి గారు చూశారు. పరిపాలన మీద పరిశోధన చేసిన మనిషి కదా, రాజధానిలో రాసిన కాగితం ఊరి దాకా వచ్చేసరికి ఏమవుతుందో ఆయనకు తెలుసు. 1969లో బ్రిటన్‌లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ ఆయన ముందున్న నమూనా. అక్కడి బీబీసీ పాఠాల పేరు ప్రపంచమంతా పాకింది. ఆ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టింది మాత్రం విద్యార్థి రాసి పంపిన ప్రతి అసైన్‌మెంటునూ చదివి, మార్జిన్‌లో వ్యాఖ్య రాసి తిప్పి పంపే ట్యూటర్లు.

ఆయన ఇక్కడ ఏం చేశారు? మొదట, ఒంటరిగా కూర్చుని చదువుకునే మనిషి కోసం పుస్తకాలు రాయించారు. తెలుగులో రాయించారు. క్లాసులో నోట్సు చెప్పించుకునే అలవాటు ఉన్న మన దేశంలో, చదివేవాడు మధ్యలో ఆగి తన్ను తాను ప్రశ్నించుకునేలా పాఠం రాయడం కొత్త విద్య. ప్రొఫెసర్లమనుకున్న వాళ్లంతా దాన్ని మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. రేడియోలో పాఠాలు పెట్టించారు. ఆపైన, అన్నిటికంటే ముఖ్యంగా, జిల్లాల్లో ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు తెరిపించారు. ఆదివారం, సెలవు రోజు ఆ కాలేజీ గదులు ఖాళీ. ఆ గదుల్లోకి బస్సు కండక్టర్, కానిస్టేబుల్, అంగన్‌వాడీ టీచర్, నేత పనివాడు వచ్చి కూర్చునేవారు.

అలాంటి గదుల్లో ఆదివారాలు పాఠం చెప్పిన వాళ్లలో నేనూ ఒకణ్ని. అక్కడ పాఠం మొత్తం చెప్పనక్కర లేదు, పుస్తకం వాళ్ల దగ్గర ఉంది. ఏది అర్థం కాలేదో చెప్పండి అని మొదలుపెట్టాలి. మొదటి గంట ఎవరూ నోరు తెరవరు. పదేళ్ల తర్వాత బెంచీ మీద కూర్చున్న మనిషికి అడగాలంటే సిగ్గు. ఒకరు అడిగాక మాత్రం గది ఆగదు. ఆర్థికశాస్త్రంలో డిమాండు రేఖ గురించి ఒక నేత కార్మికుడు అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ జ్ఞాపకం: నూలు ధర పెరిగినా మా దర్రీ ధర పెరగదు, కొనేవాడు అదే ధర అడుగుతాడు, మరి ఈ గీత మా బజారులో ఎక్కడుంది సార్? ఆ ప్రశ్న వచ్చింది కాబట్టి ఆ రోజు పుస్తకంలో లేని ఒక అధ్యాయం ఆ గదిలో నడిచింది.

దీన్ని మొన్నటి సంగతితో కలిపి చూడండి. 2012లో హార్వర్డ్, ఎంఐటీ కలిసి ఎడెక్స్ పెట్టాయి. ప్రపంచంలో పేరున్న ప్రొఫెసర్ల పాఠాలు, ఉచితంగా, ఎవరికైనా. లక్షల మంది చేరారు. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం 2017-18లో ఆ కోర్సుల్లో చేరిన వాళ్లలో చివరిదాకా పూర్తి చేసింది మూడు శాతానికి కాస్త పైన. పాఠాల నాణ్యతలో లోపం లేదు. మధ్యలో ఆగిపోయిన మనిషిని నువ్వెక్కడ ఆగావు అని అడిగేవాళ్లు లేరు. ఆ అడిగే మనిషిని రాంరెడ్డి గారు 1980లలోనే జిల్లా కాలేజీ గదిలో కూర్చోబెట్టారు.

3. మూడు దేశాలు, మూడు పరీక్షలు

నేను చెబుతున్నది పాతకాలపు మాస్టారి మమకారం అని కుర్రవాళ్లు అనుకోవచ్చు. అందుకని మూడు పరిశోధనల సంగతి చెబుతాను. ఇవి అభిప్రాయాలు కావు. ఒక సదుపాయాన్ని కొందరు పిల్లలకు ఇచ్చి, కొందరికి ఇవ్వక, తర్వాత పరీక్ష పెట్టి పోల్చి చూసినవి.

దక్షిణ అమెరికాలో పెరూ దేశం పిల్లకొక ల్యాప్‌టాప్ పథకం కింద పల్లె బడుల్లో లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 ప్రాథమిక బడుల్లో పరిశోధకులు పదిహేను నెలల తర్వాత లెక్కలు, భాషల్లో పరీక్ష పెట్టారు. ల్యాప్‌టాప్ వచ్చిన బడికీ, రాని బడికీ తేడా కనిపించలేదు.

రెండోది ఢిల్లీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల మీద ఏళ్లపాటు పరిశోధన చేసిన ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు కలిసి 2015లో చేశారు. హైస్కూలు వయసు పిల్లలు బడి అయ్యాక ఒక సెంటర్‌కు వస్తారు. గంటన్నర. సగం సేపు కంప్యూటర్ ముందు, సగం సేపు ఒక సహాయ ఉపాధ్యాయుడి దగ్గర చిన్న గుంపుగా. ఆ కంప్యూటర్ చేసే పని ఏమిటంటే, పిల్ల ఇచ్చిన ప్రతి జవాబునూ చూసి, ఏ తప్పు చేస్తోందో కనిపెట్టి, ఆ పిల్ల నిజంగా ఉన్న మెట్టు నుంచి తర్వాతి లెక్క ఇవ్వడం. పుస్తకం ఎనిమిదో తరగతిది, పిల్ల ఉన్నది ఐదో తరగతి లెక్కల్లో అయితే ఐదు నుంచే మొదలవుతుంది. నాలుగున్నర నెలల్లో ఆ పిల్లలు లెక్కల్లో మిగతా పిల్లల కంటే దాదాపు రెండింతల ముందడుగు వేశారు. టీచర్లారా, మన తరగతిలో నలభై మంది ఉంటే వాళ్లు నలభై మెట్ల మీద ఉంటారని మనకు తెలుసు. సిలబస్ మాత్రం ఒకే మెట్టు మీద నిలబడి మాట్లాడుతుంది.

మూడోది నాకు బాగా ఇష్టమైనది. ఆఫ్రికాలో బోట్స్వానా, కరోనా కాలం. బడులు మూతపడగానే పరిశోధకులు వేలాది కుటుంబాలను మూడు భాగాలు చేశారు. కొందరికి ఏమీ లేదు. కొందరికి వారం వారం మామూలు ఫోనుకు లెక్కల ఎస్ఎంఎస్‌లు. కొందరికి ఎస్ఎంఎస్‌తో పాటు వారానికొక ఫోన్ కాల్. టీచర్ ఇరవై నిమిషాల లోపు పిల్లతో, ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడి ఒక లెక్క చేయిస్తాడు. ఎస్ఎంఎస్ మాత్రమే వచ్చిన వాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫోన్ కాల్ వచ్చిన పిల్లలు లెక్కల్లో స్పష్టంగా ముందుకు వచ్చారు. బటన్ల ఫోను చాలు.

పెరూలో యంత్రం గొప్పది, పిల్ల చేసిన తప్పును పట్టించుకునే వాళ్లు లేరు. బోట్స్వానాలో యంత్రం చిన్నది, పిల్ల మాట వినే మనిషి ఉన్నాడు. నేత తెలిసిన మీకు ఇది ఎంతో వివరించనక్కర లేదు: నాడె అటు పోయి ఇటు రాకపోతే గుడ్డ పడదు.

4. మన ఇళ్ల లెక్క

మన ఇళ్లలో, ప్రశ్న తిరిగి వచ్చే ఆ రెండో దారికి ఏది అడ్డమో చూద్దాం. మొదటిది, ఫోను ఎవరి చేతిలో ఉంది? పల్లెల్లో 14-18 ఏళ్ల పిల్లల మీద 2023లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల అసర్ సర్వే జరిగింది. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చిన అబ్బాయిల్లో సుమారు 44 శాతం మందికి సొంత స్మార్ట్‌ఫోను ఉంటే, అమ్మాయిల్లో 20 శాతం మందికే ఉంది. బస్తీలో అంకెలు కాస్త మారవచ్చు, పద్ధతి మారదు. కండె చుట్టేది ఆడపిల్ల, తమ్ముణ్ని ఎత్తుకునేది ఆడపిల్ల, ఫోను చేతికి వచ్చేది అందరికంటే చివరన. యాప్ ఎంత మంచిదైనా ఆ పిల్ల దగ్గరికి చేరదు. అక్కలారా, ఈ మాట మీతో మరీ మరీ అంటున్నాను. ఫోను చెడగొడుతుందని భయపడి దాచిపెట్టడంలో మీ ప్రేమ ఉంది. ఆ పిల్లకు రోజుకు ఒక గంట, మీ కళ్ల ముందే, చదువు కోసం ఫోను ఇవ్వడంలోనూ ప్రేమ ఉంది.

రెండోది భాష. 2017లో కేంద్రం దీక్షా వేదిక పెట్టింది. మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే పాఠం వీడియో వస్తుంది. మంచిదే. కానీ పిల్ల తనకు రాని సంగతిని తెలుగులో, తన ఇంటి తెలుగులో అడిగితే వినే యంత్రాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఏక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి కొన్ని ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధ సాయంతో, చదవడంలో, లెక్కల్లో వెనకబడిన పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. పిల్ల పైకి చదువుతుంటే యంత్రం విని, ఎక్కడ తడబడిందో గుర్తించే రోజులు వచ్చేశాయి. నేను వీటిని మనసారా ఆహ్వానిస్తున్నాను. ఒకటే అడుగుతాను: యంత్రం గుర్తించిన ఆ తడబాటు మర్నాడు పొద్దున ఆ బడి టీచరమ్మకు తెలియాలి. హైదరాబాదులో కంప్యూటర్ తెర మీద గ్రాఫుగా మిగిలిపోతే ఆ పిల్లకు ఏం లాభం?

5. కొత్తవాడకు ఒక గది

ఇప్పుడు పనిలోకి వస్తాను. పక్కన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో పుట్టింది. నిజాం కాలంలో, తెలుగు పుస్తకానికి ఆదరణ కరువైన రోజుల్లో, ఊరి వాళ్లు తమ డబ్బుతో, తమ పట్టుదలతో పుస్తకాలకొక చోటు చేశారు. మన వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేతలో పేరున్న ఈ వాడ చదువు కోసం ఒక గది పెట్టుకోలేదా?

చేనేత సంఘం భవనంలోనో, వార్డులోనో ఒక గది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది. మగ్గాలు ఆగే వేళ అది. ఐదారు పాత కంప్యూటర్లు చాలు, టీ-శాట్ పాఠాలు, దీక్షా వీడియోలు అన్నీ ఉచితమే. డబ్బు మొదట పెట్టాల్సింది మనిషికి. డిగ్రీ చదివి ఈ వాడలోనే ఉన్న ఒక అమ్మాయినో, అబ్బాయినో జీతానికి పెట్టండి. ఉచిత సేవ అని మొదలుపెడితే రెండు నెలలకు ఆగిపోతుంది. ఆ మనిషి పాఠం చెప్పనక్కర లేదు. పిల్ల చూసిన వీడియో మీద మూడు ప్రశ్నలు అడగాలి. ప్రతి పిల్ల పేరు మీద ఒక నోట్‌బుక్కులో, ఈ వారం ఎక్కడ ఆగింది అని ఒక వాక్యం రాయాలి. ఆ నోట్‌బుక్కు శనివారం బడి టీచర్ చేతికి వెళ్లాలి.

మొదటి గంట ఆడపిల్లలకు ఉంచండి, బాగా చీకటి పడకముందే ఇంటికి చేరేలా ఎండాకాలం, చలికాలం వేళలు మార్చుకోండి. చివరి గంట పెద్దవాళ్లది. పది తప్పిన వాళ్లకు తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, పై చదువుకు అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపడం దగ్గరే ఎంతోమంది వెనక్కి తిరుగుతున్నారు. ఆ గంటలో ఆ పని చేసిపెట్టండి. కాకతీయ విశ్వవిద్యాలయం, నిట్ మన ఊళ్లోనే ఉన్నాయి. అక్కడి విద్యార్థులు వారానికి ఒక్క సాయంత్రం వస్తే లెక్కల్లో, సైన్సులో సందేహాలు తీరతాయి. రాలేని పిల్లలకు, ముఖ్యంగా చిన్న పిల్లలున్న ఇళ్లకు, వారానికొక ఫోన్ కాల్. బోట్స్వానా టీచర్ చేసినట్టే, ఇరవై నిమిషాలు, ఒక లెక్క.

ఏడాది తర్వాత ఎన్ని కంప్యూటర్లు వచ్చాయని ఎవరూ లెక్క అడగవద్దు. ఆ నోట్‌బుక్కులు తీసి చూడండి. జూన్‌లో భిన్నాల దగ్గర ఆగిన పిల్ల డిసెంబర్‌లో ఎక్కడుందో అందులో ఉంటుంది. ఎవరి పేజీలో అయితే నెలలకు నెలలు అదే వాక్యం ఉంటుందో, ఆ ఇంటికి ముందు వెళ్లాలి.

సభ ముగిశాక సంఘం పెద్దలు, టీచర్లు కాసేపు ఉండండి. ఏ గది, ఎవరి జీతం ఎంత, మొదటి నెల ఖర్చు ఎవరు భరిస్తారు అన్నది ఈ రాత్రే కూర్చుని రాసుకుందాం. నేనూ ఉంటాను.